నాన్న, నానా, నాన్: ఒకేలా వినిపించే మాటల వెనక

మీ ప్రశ్న చదవగానే మలక్‌పేటలో మా చిన్నప్పటి గల్లీ కళ్ళ ముందుకొచ్చింది. ఆ సంగతి చెప్పే ముందు, మీరు అడిగింది క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను. టోలీచౌకీలో మీ ఎదురు ఫ్లాట్ పిల్ల, ఇంటికొచ్చిన పెద్దాయన్ని "నానా" అని పిలిచింది. మీ ఐదేళ్ళ పాప అది విని "వాళ్ళ నాన్న గడ్డం అంత తెల్లగా ఉందేంటి?" అని అడిగింది. ఆ నానా, మన నాన్న ఒకటేనా, ఎవరి దగ్గర్నుంచి ఎవరు తెచ్చుకున్నారు అన్నది మీ సందేహం. అదే వారం మీ వాట్సాప్ గ్రూప్‌లో ఇంకో సందేశం వచ్చింది. సుమేరియాలో దేవుడి పేరు నన్నా, ఘానాలో రాజు నానా, చైనాలో నాన్నమ్మ నైనై, జపాన్‌లో ఏడు నానా, చివరికి తందూరీ నాన్ కూడా, ఇవన్నీ తెలుగు నుంచే పోయాయని అందులో రాశారు. ఇందులో నిజం ఎంత అని అడిగారు.

ముప్పయ్యేళ్ళుగా నిఘంటువుల పనిలో ఉన్నాను కాబట్టి ముందు సూటిగా జవాబు చెప్తాను. మన నాన్న, ఉర్దూ నానా ఒకరి దగ్గర ఒకరు తెచ్చుకున్న మాటలు కావు. ఆ జాబితాలో ఉన్నవేవీ తెలుగు నుంచి పోయినవీ కావు. అలాగని అన్నీ కాకతాళీయమని కొట్టిపారేయడం కూడా తప్పే. వాటిలో కొన్ని ఒకేలా ఉండటానికి గట్టి కారణం ఉంది. ఆ కారణం పసిపిల్లల నోట్లో ఉంది.

ఇక మలక్‌పేట సంగతి. నాకు ఆరేళ్ళు. పక్కింటి దోస్తు ఒకరోజు బడి నుంచి వస్తూ ఏడుస్తున్నాడు. ఏమైందని అడిగితే "మేరే నానా గుజర్ గయే" అన్నాడు. గుజర్ గయే అంటే చనిపోవడమని నాకు తెలుసు. నానా అంటే నాన్నే అనుకున్నాను. పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ చేతిలో పని వదిలేసి, కన్నీళ్ళు తుడుచుకుంటూ పక్కింటికి వెళ్ళింది. తలుపు తీసింది దోస్తు వాళ్ళ నాన్నే. పోయింది బీదర్‌లో ఉండే వాళ్ళ అమ్మగారి నాన్నగారు. ఆ రోజు మా అమ్మ గుమ్మంలో నిలబడిపోయిన తీరు నాకింకా గుర్తుంది. మీ పాప అడిగిన ప్రశ్న చిన్నది కాదని అందుకే అంటున్నాను.

ఉర్దూలో, హిందీలో నానా అంటే తల్లికి తండ్రి, నానీ అంటే తల్లికి తల్లి, ననిహాల్ అంటే అమ్మమ్మగారి ఇల్లు. తెలుగులో నాన్న అంటే తండ్రి, ఆయన తల్లి నానమ్మ. అంటే వాళ్ళ నానీ తల్లి వైపు మనిషి, మన నానమ్మ తండ్రి వైపు మనిషి. చెవికి దగ్గరగా వినిపిస్తాయే గాని, చుట్టరికంలో ఒకటి అటు, ఒకటి ఇటు. మరాఠీ వాళ్ళకి నానా అన్నది ఇంటి పెద్దని గౌరవంగా పిలిచే పేరు. నానా ఫడ్నవీస్, నానా సాహెబ్ అని చరిత్ర పాఠాల్లో చదువుకున్నవాళ్ళ పేర్లు అవే.

రెండు మాటలు చుట్టాలా కాదా అని తేల్చడానికి చప్పుడు కలిస్తే చాలదు. మార్పు ఒక పద్ధతిలో జరగాలి. కన్నడంలో చెవిని కివి అంటారు. చెరువుని కెరె అంటారు. చెడు అనే క్రియ అక్కడ కెడు. చూశారా, కన్నడంలో క ఉన్నచోట మనకి చ ఉంది, ఒక్క మాటలో కాదు, వరసగా. క తర్వాత ఇ గానీ ఎ గానీ వస్తే తెలుగులో ఆ క కాస్తా చ అయింది. చప్పుడు కలవకపోయినా కివి, చెవి సొంత అక్కచెల్లెళ్ళు అని నిబ్బరంగా చెప్పేది ఇలాంటి వరస దొరికినప్పుడే. నాన్నకీ నానాకీ మధ్య అలాంటి వరస ఏదీ లేదు. ఉన్నది పోలిక ఒక్కటే.

మరి ఆ పోలిక ఎందుకుంది? 1959లో జార్జ్ పీటర్ మర్డాక్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త, ప్రపంచమంతటి నుంచి తల్లినీ తండ్రినీ పిలిచే మాటలు 1,072 పోగుచేసి లెక్క తీశాడు. తల్లి మాటల్లో సగానికి పైగా మ, న శబ్దాలతో ఉన్నాయి. తండ్రి మాటల్లో సగానికి పైగా ప, త లాంటి శబ్దాలతో ఉన్నాయి. ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని భాషలు ఇవి. మరుసటి ఏడు రోమన్ యాకబ్సన్ అనే భాషావేత్త దీనికి కారణం వివరించాడు. పాలు తాగే బిడ్డ నోరు నిండుగా ఉంటుంది. ఆ సమయంలో గొంతు చేసే చప్పుడు ముక్కులోంచే రావాలి. ముక్కులోంచి వచ్చేవి మ, న. తర్వాత ఆకలేసినా, ఎత్తుకోమని అడిగినా బిడ్డ అదే చప్పుడు చేస్తుంది. పక్కనున్న పెద్దవాళ్ళు "నన్నే పిలుస్తోంది" అని మురిసిపోయి దానికి అర్థం తగిలిస్తారు.

ఎవరు మురిసిపోతే అర్థం వాళ్ళది. జార్జియా దేశపు భాషలో మామా అంటే తండ్రి, దేదా అంటే తల్లి. ఐస్‌లాండ్‌లో అమ్మా అంటే నాయనమ్మో అమ్మమ్మో గాని తల్లి కాదు. అంతదూరం ఎందుకు, మన తెలంగాణలోనే చూడండి. కరీంనగర్ వైపు చాలా ఇళ్ళలో అవ్వ అంటే కన్నతల్లి, తండ్రి బాపు. రాయలసీమకి వెళ్తే అదే అవ్వ ముసలమ్మ. తెలుగు నాన్న కూడా మర్డాక్ లెక్కలో తక్కువమంది ఉన్న వైపు పడుతుంది. న శబ్దం ఎక్కువ భాషల్లో తల్లి వైపు వెళ్తే, మన ఇళ్ళలో తండ్రికి దక్కింది. ఉర్దూ వాళ్ళకి తల్లిని కన్న తండ్రికి దక్కింది.

ఇక్కడ మీకు ఒక సంగతి చూపించాలి. ఇది దొరికిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఋగ్వేదం తొమ్మిదో మండలం, 112వ సూక్తం, మూడో మంత్రం. "కారురహం తతో భిషగుపలప్రక్షిణీ ననా, నానాధియో వసూయవో..." అని సాగుతుంది. నేను కవిని, తత వైద్యుడు, ననా రాళ్ళ మీద గింజలు పోసి విసురుతుంది, రకరకాల ఆలోచనలతో సంపద కోరి తిరుగుతున్నాం అని దాని భావం. ఇందులో తత అంటే తండ్రి. ననా అంటే అమ్మ! దేవతలకి చెప్పే మంత్రంలో ఒక మనిషి తన ఇంటి సంగతి చెప్తూ, ఇంట్లో పిలిచే పిలుపే వాడాడు. వేల ఏళ్ళ కిందటి విసుర్రాయి చప్పుడు ఆ ఒక్క పాదంలో వినిపిస్తుంది నాకు.

ఇంకా చూడండి. ననా అన్న మాట ముగిసిన వెంటనే వచ్చే మాట నానాధియః. ఆ నానా అంటే వేరు వేరు, రకరకాల అని. మనం రోజూ అనే నానా తంటాలు, నానా మాటలు, నానా యాగీ, అన్నిట్లోనూ ఉన్నది ఈ సంస్కృతం నానాయే. అమ్మని పిలిచే ననాకీ, రకరకాలు అనే నానాకీ ఏ సంబంధమూ లేదు. ఒకే భాషలో, ఒకే మంత్రంలో, పక్కపక్కనే నిలబడి కూడా అవి చుట్టాలు కావు. అలాంటప్పుడు వేల మైళ్ళ దూరంలో ఉన్న భాషల్లో మాట కలిసినంత మాత్రాన చుట్టరికం ఎలా కలుపుతాం? వాట్సాప్ జాబితా పంపినవారికి నేను చెప్పాలనుకునేది ఇదే.

ఆ మంత్రంలోని తత, మనం పురాణాల్లో వినే తాత, రెండూ ఒకే గూటివి. సంస్కృతంలో తాత అంటే తండ్రి. తెలుగులో తండ్రికో తల్లికో తండ్రి. పోలండ్‌లో తండ్రిని తాతా అనే పిలుస్తారు. అయితే సంస్కృతంలో తాతకి ఇంకో వాడుక ఉంది. గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడితో "న హి కల్యాణకృత్ కశ్చిద్ దుర్గతిం తాత గచ్ఛతి" అంటాడు. మంచి చేసేవాడెవడూ చెడిపోడు, తాతా అని. అర్జునుడు కృష్ణుడికి తాత కాదు, తండ్రీ కాదు. అది లాలనగా పిలిచిన పిలుపు. దీన్ని తెలుగువాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. మీరు మీ పాపని "ఏం నాన్నా, అన్నం తిన్నావా?" అని అడగరూ? కూతుర్ని అమ్మా అని, కొడుకుని నాయనా అని, తండ్రీ అని పిలుస్తాం కదా. అరబ్బు దేశాల ఇళ్ళలో తండ్రి తన బిడ్డని బాబా అనీ, తల్లి తన బిడ్డని మామా అనీ పిలవడం మామూలే. తన పిలుపుని తిరిగి బిడ్డకే ఇచ్చేయడం అన్నమాట. ఒక భాష ఇంకో భాషకి నేర్పిన అలవాటు కాదిది. ఎత్తుకున్న బిడ్డతో మాట్లాడేటప్పుడు ఏ దేశంలోనైనా పుట్టగలిగేది.

జాబితాలో చైనా నైనై ఉందే, అది నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ. చైనీస్‌లో నైనై అంటే అచ్చంగా తండ్రికి తల్లి. మన నానమ్మ కూడా తండ్రికి తల్లే. చప్పుడు దగ్గర, అర్థం ఒకటే, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ మన మాటని విడదీసి చూడండి. నాన్న, అమ్మ కలిస్తే నానమ్మ. అందులోని నాన తండ్రి, ముసలమ్మ కాదు. చైనా వాళ్ళది పసిపిల్లల పలుకుని రెండుసార్లు అన్నది. రెండు దారుల్లో వచ్చి ఒకే గుమ్మం ముందు నిలబడ్డాయి, అంతే.

ఇటలీలో అమ్మమ్మనైనా నానమ్మనైనా నొన్నా అంటారు. లాటిన్‌లో ఆ నొన్నా, పెద్దావిడని గౌరవంగా పిలిచే మాట. దాని నుంచే ఇంగ్లీషులో సన్యాసినికి నన్ అనే పేరొచ్చింది. సికింద్రాబాద్ కాన్వెంట్లలో చదివినవాళ్ళు సిస్టర్లని నన్స్ అంటారు కదా, ఆ మాట మొదట్లో ఓ ముసలమ్మని పిలిచే పిలుపు. రష్యాలో పిల్లల్ని చూసుకునే ఆయా న్యాన్యా. ఘానా దేశపు అకాన్ భాషలో నానా అంటే తాత, అవ్వ, ఊరి పెద్ద, రాజు, అందరూ. 2017 నుంచి 2025 మొదటిదాకా ఆ దేశాధ్యక్షుడిగా ఉన్నాయన పేరు నానా అకుఫో ఆడో. ఇవన్నీ పసిపిల్లల నోటి మాటల గుంపులో చేరతాయి. ఎవరింట వాళ్ళే పుట్టించుకున్నవి.

ఇప్పుడు నిజంగా ఊళ్ళు తిరిగిన మాట చెప్తాను. నాన్. ఇది ఫార్సీ మాట, రొట్టె అని అర్థం. పురానీ హవేలీ వైపు తెల్లవారకముందే వెళ్తే, చార్ కోనే కీ నాన్, అంటే నాలుగు మూలల నాన్, చేసే బట్టీ దగ్గర నిలబడి చూడొచ్చు. పిండిని గద్దీ అనే మెత్త మీద పరిచి, మనిషి సగం వంగి, నిప్పులున్న తందూర్ గోడకి చప్పున కొడతాడు. కాసేపటికి గోడకి అంటుకున్న రొట్టె ఉబ్బి, మచ్చలు పడుతుంది. రెండు ఇనుప చువ్వలతో లాగి బయట పడేస్తాడు. పక్కనే నహారీ అనే మాంసం పులుసు గిన్నె. ఆ రొట్టె మీద ఏ కప్పూ లేదని గమనించండి. ఇరాన్ ప్రాంతపు పాత భాషల్లో ఈ మాట నగ్న అన్నట్టుగా ఉండేదనీ, బలూచీలో ఇప్పటికీ నగన్ అంటారనీ నిఘంటువులు చెప్తాయి. మనకి తెలిసిన నగ్న శబ్దానికి అది చుట్టమే. బూడిదలో కప్పి కాల్చే రొట్టె కాకుండా, ఏమీ కప్పకుండా కాల్చేది కాబట్టి ఆ పేరు వచ్చిందని పండితులు చెప్పే వివరణ. బట్టీ దగ్గర ఒక్కసారి నిలబడితే అది ఎంత సబబో తెలుస్తుంది.

నాన్ అనే మాట వ్యాపారులతో, సైనికులతో, వంటవాళ్ళతో నడిచింది. చైనా పడమటి కొసన ఉండే ఉయిగుర్లది నాన్, చైనీస్‌లో అది నాంగ్, బర్మాలో నాన్‌బ్యా. మన ఇరానీ బేకరీల్లో దొరికే నాన్ ఖటాయిలో ముందున్నది కూడా ఇదే. వస్తువు వెళ్ళినచోటికి పేరు కూడా వెళ్ళింది. తెచ్చుకున్న మాటకి ఉండే గుర్తు అది: దారి కనిపిస్తుంది, మోసుకొచ్చినవాళ్ళు కనిపిస్తారు. నాన్న విషయంలో అలాంటి దారి ఒకటే నాకు తెలుసు, అది మన దగ్గర్నుంచి బయటికి. మద్రాసు అరవంలో తండ్రిని నైనా అంటారు కొందరు. అది అక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళ నుంచి వెళ్ళిన మన నాయనే.

గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్ళు మీ బిల్డింగ్‌లో ఉంటే అడగండి, వాళ్ళకి ఇంకో నానా తెలుసు. అరబ్బీలో పుదీనాని నానా అన్నట్టే పలుకుతారు. మధ్యలోనూ చివరా గొంతు లోపల నొక్కి పలికే ఒక అక్షరం ఉంటుంది, మన లిపిలో దానికి గుర్తు లేదు. తెలుగులో రాస్తే నానా అయిపోతుంది గాని, అరబ్బు మనిషి వింటే రెండూ ఒకటంటే ఒప్పుకోడు. తుర్కీ వాళ్ళు దాన్ని నానే చేసుకున్నారు. ఇలాంటి జాబితాల్లో సగం పోలికలు లిపి మార్చడం వల్ల పుట్టేవే.

జపాన్ నానా వట్టి కాకతాళీయం. అది వాళ్ళ సొంత అంకె, ఏడు. చైనా నుంచి తెచ్చుకున్న షిచి కూడా వాడతారు. స్వాహిలీలో ఎనిమిదిని నానే అంటారు. దానికి మూలం నాలుగుని రెండుసార్లు అనడం, ఎందుకంటే ఆ భాషలో నాలుగు న్నే. టాంజానియాలో ఆగస్టు 8న నానే నానే అని రైతుల పండుగ చేస్తారు, ఎనిమిదో నెల ఎనిమిదో రోజు అని. హవాయిలో నానా అంటే చూడటం. ప్రతి భాషలోనూ పలకడానికి వీలైన అక్షరాలు కొద్దిగానే ఉంటాయి, అవసరమైన మాటలేమో వేలు. న లాంటి సులువైన అక్షరం రెండుసార్లు వచ్చే మాట ఎక్కడో ఒకచోట తగలకపోతేనే ఆశ్చర్యపోవాలి.

సుమేరియా నన్నా గురించి కొంచెం గట్టిగానే చెప్తాను, ఎందుకంటే ఆ సందేశంలో అందరినీ ఉద్రేకపరిచింది అదే. నన్నా ఊర్ నగరపు చంద్రదేవుడు, నిజమే. నాలుగు వేల ఏళ్ళ కిందట ఆయనకి కట్టిన గుడి మెట్లు ఇప్పటికీ ఇరాక్‌లో ఉన్నాయి. కానీ సుమేరియన్ భాషలో తండ్రిని నన్నా అనరు, అద్దా అంటారు. తల్లిని అమా అంటారు. ఆ ఒక్క దేవుడి పేరు పట్టుకుని తెలుగువాళ్ళు అక్కడ ఉన్నారని చెప్పాలంటే, చేతులు, కాళ్ళు, నీళ్ళు, అంకెలు, క్రియలు, అన్నీ ఒక వరసలో కలవాలి. కివి, చెవి కలిసినట్టు. అలా కలవవు. మన భాష గొప్పదనానికి సుమేరియా సాక్ష్యం అక్కర్లేదు. నానబెట్టడం అనే మాట ఒక్కటి చాలు నాకు.

అవును, ఆ నాను కూడా ఈ చప్పుడే. పప్పు నానడం, వానలో నానడం. దీనికి మాత్రం సొంత చుట్టాలున్నారు. అరవంలో తడవడాన్ని ననై అంటారు, మలయాళంలో ననయుక, కన్నడంలో నెనె. ప్రతిదాంట్లోనూ తడి ఉంది, న తర్వాత న ఉంది, మధ్య అచ్చు మాత్రమే ఒక్కో ఇంట్లో ఒక్కో తీరుగా మారింది. నాన్నకి పోలికలు వెతుకుతూ ప్రపంచమంతా తిరిగాం గాని, మన వంటింట్లో రాత్రి మినప్పప్పు గిన్నెలో ఉన్న మాట ఇంతకంటే పాత చుట్టరికాన్ని నిక్కచ్చిగా చూపిస్తుంది. నాన్న లాంటి మాటల్లో అది ఎందుకు కుదరదంటే, వాటిని ప్రతి తరంలో పసిపిల్లలు మళ్ళీ కొత్తగా తయారుచేస్తారు. కాలం చేసిన మార్పుల ముద్ర వాటి మీద సరిగ్గా పడదు.

మీరు చివర్లో అడిగిన చిన్న ప్రశ్న మిగిలింది: నానమ్మ అని రాయాలా, నాన్నమ్మ అనా, నాయనమ్మ అనా? మూడూ సరైనవే. నాన్నకి అమ్మని కలిపితే మొదటి రెండూ, నాయనకి కలిపితే మూడోది. తెలంగాణ పల్లెల్లో నాయినమ్మ అంటారు, తండ్రిని బాపు అనే ఇళ్ళలో బాపమ్మ అంటారు. మీ ఇంట్లో మీ పాప ఏది పిలుస్తుందో అదే రాయండి. ఇక ఎదురింటి పెద్దాయన గురించి పాపకి ఒక్క మాట చెప్పండి: "వాళ్ళ నానా అంటే నీకు అమ్మమ్మగారింట్లో ఉండే తాతయ్య లాంటివాడు." మా అమ్మకి ఆ రోజు ఎవరైనా ఈ మాట ముందే చెప్పి ఉంటే బాగుండేది.